చీరల్లో చెప్పు

బస్సుల సమ్మె రోజు
భంజ విహార్ నుంచి ఇంటికి నడిచాను.

గేటు పక్క రాయి మీద పన్నెండు అని ఉంది,
రెండు సగం చెరిగి.
కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిన పుస్తకంలోనూ అంతే:
నగర కేంద్రానికి పన్నెండు కిలోమీటర్లు.
ఆ కేంద్రం ఎక్కడుందో మాత్రం రాయలేదు.
ఆటోవాళ్ళకది పాత బస్టాండు.
సుచరితా సాహుకి గిరి మార్కెట్లో గాజుల వరస.
మా నాన్న దాలయ్యకి
ముందుగదిలో మోకాళ్ళ లోతు మగ్గం గుంట.

హాస్టలు గోడ అయ్యాక సరుగుడు తోట,
తోట అయ్యాక మొగలి పొదలు,
ఆ పైన ఏమీ లేదు, ఎండ.
పూలమూట నెత్తినెట్టుకుని వస్తున్న ముసలామెని అడిగాను,
"బరంపురం కెతే దూర?"
"ఏయ్ పాఖొరె" అంది, ఇదిగో ఇక్కడే అని.
అరగంట తర్వాత సైకిళ్ళు బాగుచేసేవాణ్ణి అడిగితే
వాడిదీ అదే మాట.
ఈ జిల్లాలో ఎవర్నడిగినా ఊరు పక్కనే ఉంటుంది.
కాళ్ళకే ఆ సంగతి తెలీదు.

రోజూ బస్సులో కూచుంటే ఇదంతా
పూర్ణ బెహెరా టిక్కెట్టు చింపి చిల్లర తర్వాత ఇస్తాననడం,
ఇవ్వకపోవడం,
అంతే.

రైలు గేటు దగ్గర ఎడమ చెప్పు తెగింది.
చేత్తో పట్టుకున్నాను.
అప్పటిదాకా ఒడియాలో తిట్టుకుంటున్నదాన్ని
పట్టాలు దాటాక తెలుగులో తిట్టుకుంటున్నాను.
ఎక్కడ మారిందో
ఏ రాయి మీదా లేదు.
ఇంగువ వాసన వచ్చింది, మేడల మీద అప్పడాలు ఆరుతున్నాయి,
ఇల్లు చేరినట్టే అనుకున్నాను,
ఇంకా ఇరవై నిమిషాలు పట్టింది.

"ఏటే, నడిసొచ్చేసినావా?
ఎంత దూరమే?"
"పన్నెండు కిలోమీటర్లు."
"అలాగంటే నాకేటి తెలుస్తాది. చీరల్లో చెప్పు."

హాల్ టిక్కెట్ వెనక లెక్క వేశాను.
చీరకి అయిదున్నర మీటర్లు,
దారికి రెండు వేల నూట ఎనభై చీరలు.
ఏడాదికి నలభై నేస్తాడు,
పన్నెండో ఏట గుంటలో దిగాడు, ఇప్పుడు యాభై ఎనిమిది.
పద్దెనిమిది వందల నలభై.
పరిచేస్తే, నాన్నా, మొగలి పొదలు దాటి పోతావు,
గేటుకి ఇంకో రెండు కిలోమీటర్లే.

మురిసిపోతాడనుకున్నాను.
చేతిలో కండె ఆపకుండానే
"తప్పు" అన్నాడు.
"భుజం పట్టేసిన రెండేళ్ళు తియ్యి.
మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్న వర్షాకాలం తియ్యి.
అంచు చెడిపోయి షావుకారు తిప్పి కొట్టినవి తియ్యి,
అవి చీరలు కావు.
రంగు దొరక్క తువ్వాళ్ళు నేసిన నెలలున్నాయి, తువ్వాలు పొట్టిది.
నేను రైలు గేటు దాటలేదే."

తర్వాత చాలాసేపు
గుంటలో రెండు కాళ్ళు.
కుడిది దిగితే ఎడమది లేస్తుంది,
ఎడమది దిగితే కుడిది.
రోజుకి ఎన్నిసార్లో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు,
హాల్ టిక్కెట్ మీద దానికి చోటు కూడా లేదు.
నలభై ఆరేళ్ళుగా ఆ మనిషి
నాకంటే ఎక్కువే నడుస్తున్నాడు,
అదే గదిలో.

"అది ఇలా తే" అన్నాడు,
నా తెగిన చెప్పు చూసి.
నాలుగు పోగులు కలిపి పురి పెట్టి
తడిపి, పళ్ళతో లాగి
ముడేశాడు, వంగపండు రంగు పట్టుదారం
ముప్పై రూపాయల ప్లాస్టిక్ చెప్పుకి.

మర్నాడు కూడా బస్సులు లేవు.
ఎనిమిదిన్నరకి బయల్దేరాను.
సుచరిత గేటు దగ్గర నా కాలికేసి చూసి నవ్వింది.

చెప్పు అడుగు అరిగి పారేశాను ఏడాది కిందట.
ముడి మాత్రం విప్పడం నా వల్ల కాలేదు,
కత్తిరించాల్సి వచ్చింది.