వేరే లైను

మొగిలి గోడకు గాడి కొడుతుండు.
మెయిన్ బోర్డు కాడికెల్లి మిద్దెమీది అర్ర దాకా
నాలుగు ఎంఎం వైరు, నడుమ అతుకు లేకుండ.
"ఏసీకా అక్కా?"
"కాదు, రేడియోకు."
"రేడియోకు ఇంత కరెంటా!"

వినేటందుకు వద్దు తమ్మీ,
మాట పంపేటందుకు కావాలె.

నేను మైకు నొక్కినప్పుడల్లా
వంటింట్ల బుగ్గ మసకబారేది,
అత్తమ్మ సీరియల్ల గుర్రుమని నా గొంతే.

పెరట్ల గుంత తవ్వి
బొగ్గు, ఉప్పు, రాగి పట్టీ వేసి
రెండు బిందెలు కుమ్మరించిండు.
పెద్దమ్మగడ్డ మన్ను గుటగుట తాగింది.

పొద్దుగూకినంక స్విచ్చేసిన.
బుగ్గ రెప్ప కొట్టలే.
చెవులల్ల ఇసుక రాలుతున్న చప్పుడు,
దాని అవుతల ఎవరో
నా పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుండు.

మొగిలి ఇంకా పోలే,
టెస్టర్ చెవిసందున పెట్టుకొని గడపల నిలవడ్డడు.
"ఎవలక్కా?"
"తెల్వదు. గందుకే."