పదహారు నిమిషాలు

ఎన్సెనాదాలో పొగమంచు విడకముందే బయల్దేరాను,
చొక్కా లోపలి జేబులో మూడేళ్ళ ఓవర్‌టైమ్.
రేవులో ఓడల పొట్టల కింద వెల్లకిలా పడుకుని
అతుకులు వేసిన డబ్బు.
ఇంకా కాలిన ఇనుము వాసనేస్తోంది.

సరిహద్దు దగ్గర కదలని కార్ల మధ్య
చుర్రోలమ్మే కుర్రాడు అద్దం మీద తట్టాడు.
"ఏం కొనడానికి మామా అవతలికి?"
గిటారని చెప్పాను.
"అవి మన ఊళ్ళోనేగా చేస్తారు!"
చిల్లర ఇచ్చాను. జవాబివ్వలేదు.

చూలా విస్టాలో ఆ కొట్టు.
గోడ మీద అది.
కోసిన జామపండు లోపలి రంగు.
పదిహేడేళ్ళుగా ఆ రంగునే
పత్రికల్లోంచి కత్తిరించి దాచుకుంటున్నాను.
దింపి నా ఒళ్ళో పెట్టాడు కొట్టువాడు.
అంతకుముందే రెండుసార్లు
అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను.

దూరపు కొండలు నునుపంటారు.
ఈ కొండని తడిమి చూశాను.
దగ్గర్నుంచీ నునుపే.
తీగ మీటితే ఆ స్వరం
వెళ్ళాలని లేని చుట్టంలా
గుమ్మంలోనే నిలబడి
ఇంకా ఏదో చెబుతూనే ఉంది.

పక్కనే దాని చెల్లెలు.
అదే ఒళ్ళు, అదే నడుము వంపు,
ధర మూడోవంతు.
తల వెనక చిన్న అక్షరాల్లో మా దేశం పేరు.
దీని స్వరం పనున్న మనిషి,
ఒక్క మాట చెప్పి లేచిపోతుంది.
పన్నెండో మెట్టు దగ్గర ఫ్రెట్ అంచు
వేలికి గీరుకుంది, పిల్లికూన గోరంత.

ఆ గీరుడు నాకు తెలుసనుకున్నాను.

నిన్న రాత్రే చిక్కుడు గింజలు ఏరుతూ
ఓబ్దూలియా అంది:
"ఖరీదైందే కొను.
నా మొహం చూసి మొహమాటపడకు.
మా లైన్లో ఒక్కో మెడకి నాలుగు నిమిషాలు.
గంట మోగితే తర్వాతది మీదికొచ్చేస్తుంది.
అవతల వాళ్ళకి ఇరవై ఇస్తారట.
నాలుగు నిమిషాల్లో ఏం నున్నగా చేస్తాను,
నీ నెత్తా?"
నా బట్టతల మీద ఒక గింజ విసిరింది.

శనివారం రాత్రుళ్ళు నేను వాయించేది
చేపల మార్కెట్ వెనక బార్లో.
ఆరుగురు జాలర్లు, ఒక ఫ్రిజ్ హోరు.
వాళ్ళకి తేడా తెలియదు.
నాకు తెలుస్తుంది. అదీ చిక్కు.
అందని ద్రాక్ష పుల్లన అని నేననను.
అందింది. తియ్యగానే ఉంది.

అయినా చెల్లెల్నే తెచ్చాను.
ఎందుకని అడక్కండి, ఇందులో నీతి లేదు.
జేబులో నోట్లు లెక్కపెడుతుంటే
ఎక్కడో సగంలో బొటనవేలు ఆగిపోయింది, అంతే.
జామపండు రంగుదాన్ని తిరిగి గోడకెక్కిస్తుంటే
నేను బయట పార్కింగ్ వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం.
వంటబల్ల మీద పాత తువ్వాలు పరిచి
దాన్ని బోర్లా పడుకోబెట్టింది ఓబ్దూలియా.
రేడియో తగ్గించమంది.
"ఎవరో గానీ తగలేశారు" అంటూ
నాలుగు మరలూ విప్పి మెడ ఊడదీసింది.
లోపల, ఎవరూ చూడని చోట,
పెన్సిల్‌తో రెండక్షరాలు.
ఆమెవి కావు.

కాసేపు మాట్లాడలేదు.
"రెమెదియోస్" అంది చివరికి, "నాలుగో బల్ల.
ఆ నెలంతా దాని చంటాడికి జ్వరం."

ఇంకేమీ అనలేదు. ఆకురాయి తీసింది.
ఒక్కో ఫ్రెట్ కొసా రుద్దుతూ, వేలితో అడుగుతూ,
మళ్ళీ రుద్దుతూ.
లైన్ ఇవ్వని ఆ పదహారు నిమిషాలూ
రెమెదియోస్ తరఫున బాకీ తీరుస్తున్నట్టు.
గడియారం ఆమె చూడలేదు, నేను చూశాను:
పదహారు దాటి, నలభై దాటి,
పొయ్యి మీద చిక్కుళ్ళు అడుగంటాయి.

తీగలు బిగించి మీటాను.
జామపండు రంగుదానిలా లేదు. అబద్ధమెందుకు?
స్వరం లేచింది, గుమ్మం దాకా నడిచింది.
చెప్పులు తొడుక్కుంటూ
ఒక్క క్షణం ఆగింది.