మొలలోతు కాడ భాగోతం

కార్తీకంలో ఇక్కడ నాకు మొలలోతు.
ఆ మైకు గుంజ పాతిన కాడ మునుగులోతు.
గౌరమ్మ సాగరం వైశాఖానికి వెనక్కి జరిగిపోతే
సంబరానికి మేం స్టేజీ కట్టేది గట్టు మీద కాదు,
చెరువు కడుపులో.

గట్టు నుంచి నీటి అంచు దాకా
దాలినాయుడు అడుగులు లెక్కేసి మొదటి గుంజ దింపుతాడు.
పోయినేడు నూట పది.
ఈ ఏడు నూట అరవై.
ఎవరూ పైకి ఏమీ అనలేదు గాని
లెక్క విన్నాక అందరం ఓసారి మబ్బుకేసి చూసినాం.

నాది చేపల వాటా. ఎండల్లో పని లేదు.
నా పడవ మట్టిలో ఒరిగి ఉంది,
అందులో పదకొండు మంది పిల్లలు,
చేతుల్లో పాల ఐసు, మోకాళ్ల మీద ముంజె నీళ్లు.
మా ఎర్రయ్యమ్మ తెడ్డుతో దుమ్ము తోస్తోంది.
"ఇంకొంచిం దగ్గిరికెల్దుం. కదలకండర్రా."

ముందు తప్పెటగుళ్లు.
గుండెకి రేకు కట్టుకున్న పదిహేను మంది
ఒక్కసారి వంగి ఒక్కసారి లేస్తే
నెర్రెల్లోంచి ధూళి పైకొచ్చింది.
అడుగున ఎక్కడో బురదలో పడుకున్న మట్టగిడసలు
వానొచ్చిందనుకుని ఉంటాయి.
ఆ మాటంటే మా నీలమ్మ
"పాపం, వాటినేల మోసం చేస్తారు" అంది.

తరవాత కమిటీ ప్రెసిడెంటు మాట్లాడినాడు.
దాని సంగతి వద్దు.

అర్ధరాత్రి దాటినాక తవిటయ్య, సత్యభామై.
పొద్దున ఇతనే నా దగ్గిర బీడీ అడిగి
మోకాళ్లు లాగుతున్నాయని గంటసేపు చెప్పినాడు.
ఇప్పుడు జడ ముందుకేసుకుని
అటు తిరిగేసరికి
ఆ మోకాళ్లు ఎవరివో.
నాలుగు మద్దెలలూ ఒకదాన్నొకటి తరుముతుంటే
కాలి గజ్జె ఒకటి తెగి
బల్లల సందులోంచి కిందికి జారింది.
నాకు వినబడలేదు. ఆయనకి వినబడింది.
ఒక తాళం తప్పి,
సగం తాళం ఊరికే నిలబడి,
ఆ ఖాళీనే అలకగా చేసి
కృష్ణుడి మొహాన కొట్టినాడు.
జనం ఈలలు.

తెల్లారి ఇద్దరం బల్లల కింద దూరినాం.
సోడా మూతలు, నత్తగుల్లలు,
ఎవరిదో చెవికమ్మ (కమిటీకి ఇచ్చేసినాం),
ఏడాది నీళ్ల కిందున్నా ఎరుపు పోని
పోయినేటి సంబరం రిబ్బను.
నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది.
అడుగున చల్లగా, ఇంకా తడి.
"ఉండనీవోయ్," అన్నాడు తవిటయ్య,
"ఇరవయ్యేళ్లు నా కాలికి చాకిరీ చేసింది."
ఇంకో బీడీ అడిగినాడు.

భాద్రపదంలో నీళ్లు మళ్లీ నా మొలకొచ్చినాయి.
వలేసుకుని వెళ్తూ ఆ చోటికొస్తే
తెడ్డు పైకెత్తేస్తాను, పడవ దానంతటది సాగుతుంది.
ఏటయ్యా అని అడిగింది ఎర్రయ్యమ్మ.
కింద స్టేజీ ఉందే అన్నాను.

కాసేపు నీళ్లలోకి చూసి
"కదలకండర్రా" అంది.
పడవలో మేమిద్దరమే ఉన్నాం.