కడబంతి

డులూత్ బస్ డిపోలో
శుక్రవారం భోజనాల పురమాయింపు నాది.
నలభై ఆరుగురు. ఒకటే గ్రిల్లు.
చందా డబ్బులు కాఫీ డబ్బాలో.
హాట్ డాగ్‌లు చాలు, అన్నాడు వెర్లిన్.
పంతొమ్మిదేళ్లుగా పట్టకారు అతని చేతిలోనే ఉంది,
ఏది చాలో అతనే చెబుతాడు.

నేను కాగితం తీసి తినని వాళ్లను లెక్కపెట్టాను.
డిస్పాచ్‌లో హోదన్: పంది వద్దు,
దేంతో చేశారో తెలియనిది అసలే వద్దు.
ఆర్డిస్‌కి గుండెలో రెండు స్టెంట్లు.
టైర్ల షెడ్డులో టూ ఫెంగ్ మార్చిలో మానేశాడు,
ఎందుకని నేను అడగలేదు.
బస్సులు కడిగే కొత్త కుర్రాడు
ఏదో వీడియో చూసి.
ఇంకో నలుగురు.
ఎనిమిది, అని రాసి కింద గీత గీశాను.

దుకాణంలో ఫ్రీజర్ తలుపు తీసి నిలబడితే
కళ్లద్దాలు మంచు పట్టేశాయి.
తుడుచుకుంటూ చదివాను:
సోయా, గోధుమ జిగురు, బఠాణీ, పుట్టగొడుగు,
చీమ తలకాయంత అక్షరాల్లో గుడ్డు తెల్లసొన.
నాలుగు రకాలు ఇంటికి తెచ్చాను.

మొదటిది, నమిలినకొద్దీ నమలమంది.
రెండోదాంట్లో పొగ వాసన తప్ప
ఇంకేమీ లేదు, పొయ్యి ఊదినట్టుంది.
మూడోదాన్ని మా కుక్క వాసన చూసి
నా మొహం చూసింది.
నాలుగోది బఠాణీ, వెల్లుల్లి, కాస్త మిరియం.
నేను మాంసాన్ని అని బుకాయించలేదు.
ఆవాల ముద్ద రాసి, నిలబడే, రెండు తిన్నాను.

"గడ్డికి చొక్కా తొడిగారు," అన్నాడు వెర్లిన్.
గ్రిల్లు సగం రేకుతో కప్పాలన్నాను.
పట్టకారు కూడా వేరే కావాలన్నాను.
అతను పైకి చూసి, కిందికి చూసి,
గ్యారేజీలోకి వెళ్లిపోయాడు.
అలిగాడనుకున్నాను.
కొత్త పట్టకారుతో వచ్చాడు,
పిడికి పచ్చ టేపు చుట్టి.

పదకొండున్నరకి మెకానిక్‌లు.
ఆ వెనకే ఉదయం బళ్ల డ్రైవర్లు.
నేను లోపల ఉల్లిపాయలు తరుగుతున్నాను,
కళ్ల నీళ్లలో ఏమీ కనిపించలేదు.
ఊరికే రుచి చూద్దామని ఒకడు,
వాడు బాగుందన్నాడని ఇంకొకడు,
పందెం కట్టి మరొకడు.

ఒంటి గంట దాటాక హోదన్ దిగి వచ్చింది,
మెడలో హెడ్‌ఫోన్ ఇంకా తీయలేదు.
పచ్చ టేపు పళ్లెంలో మాడిన ఒక చర్మం,
చెదిరిన ఉల్లి.
రెండు ఉత్త బన్నులు తీసుకుని
ఆవాల ముద్ద రాసుకుంది,
అంచుల దాకా, శ్రద్ధగా.
పర్వాలేదు, అంది.
బస్సు మెట్టు అంచులా
అరిగి నున్నబడిన మాట అది,
ఎందరు తొక్కి దిగారో దాని మీంచి.

వడ్డించేది మనవాళ్లయితే
కడబంతిలో కూర్చున్నా ఒకటేనట.
వడ్డించింది నేనే కదా.

గ్రిల్లు గీకుతూ వెర్లిన్ అన్నాడు:
"రెండు నేనే తిన్నాను."
కాసేపు గీకాడు.
"బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు."

వచ్చే నెల కాగితం మీద
ఎనిమిది కొట్టేసి ఇరవై నాలుగు రాశాను.
రాసి, అది కూడా చాలదనిపించింది.
సంఖ్య తప్పు సగమే, వేళ తప్పు సగం.

అందుకే పదకొండు ఇరవైకి
డిస్పాచ్ గదికి వెళ్లి
హోదన్ కుర్చీ వెనక నిలబడ్డాను.
లే, అన్నాను.
నీకు రేడియో వచ్చా, అంది.
రాదు, అన్నాను.
ఏ మీట నొక్కాలో చూపించి,
మళ్లీ చూపించి,
వెనక్కి చూసుకుంటూ వెళ్లింది.

కిటికీ కింద పొగ లేచింది.
అద్దంలోంచి పచ్చ టేపు కనబడుతోంది,
దాని ముందు వరసలో మొదట ఆమె.

హెడ్‌ఫోన్‌లో గరగర. పన్నెండో నంబరు బస్సు:
"వంతెన పైకి లేచింది,
ఖనిజం ఓడ వస్తోంది, ఆగిపోయాను,
ఏం చెయ్యమంటారు? హోదన్?"

మీట తడుముకుని నొక్కాను.
హోదన్ తింటోంది.
ఓడను పోనీ.