ఒక్కటి బతికున్నా

హోర్షమ్‌లో డిసెంబరు.
పొద్దున ఏడింటికే గోధుమల లారీలు
రోడ్డు మలుపు దాకా వరస కట్టేస్తాయి.
నాది తూకం పక్కన రేకుల గది,
నారింజ రంగు చొక్కా, చేతిలో జల్లెడ.
పైనుంచి పొడుగాటి గొట్టమొకటి
లారీ కడుపులోకి దిగి
గిన్నెడు గింజలు తెచ్చిస్తుంది.
ముప్పైసార్లు జల్లిస్తాను. లెక్క తప్పితే మళ్లీ మొదలు.
కింద తెల్ల పళ్లెంలోకి
పొట్టు రాలుతుంది, దుమ్ము రాలుతుంది,
ఒక్కోసారి మిడత కాలు.
చచ్చినవైతే లెక్కపెట్టి రాసుకుంటాం.
ఒక్కటి బతికున్నా లారీ వెనక్కి.

ఆ రోజు క్లెమ్ నోస్కే లారీ.
పళ్లెంలో పొట్టు కదిలింది.
గాలేమోనని ఫ్యాను ఆపాను.
మళ్లీ కదిలింది.
ఆవగింజంత ఒళ్లు,
ఒంటికి మించిన ముక్కు.

"నిన్న కోసిన పంట," అన్నాడు కిటికీలోకి వంగి.
"నిన్న! పురుగెక్కణ్ణించి వస్తుంది?"

ఇంతింత నోటితో గింజకు కన్నం పెట్టి
లోపల గుడ్డు దాచి
తన జిగురుతోనే మూత పెట్టేసి పోతుంది తల్లి.
పైకి గింజ గింజలాగే ఉంటుంది.
పిల్ల ఆ గదినే తిని, ఆ గదిలోనే నిద్రపోయి
నెల తిరిగాక గోడ కొరుక్కుని బయటికొస్తుంది.
పురుగు పట్టిందంటాం మనం.
పట్టలేదు, పుట్టింది.

అయితే క్లెమ్,
నిన్నటి గింజలో నెలనాటి పురుగు ఉండదు కదా.
గింజల్ని పైకి తోడే ఆగర్ గొట్టం,
దాని అడుగు మలుపులో
పోయినేటివి ఏమైనా మిగిలాయా?

అతను టోపీ తీసి లోపలికి చూసుకున్నాడు,
జవాబు అక్కడుందేమో అన్నట్టు.
"అది ఊడ్చేది మార్లీన్.
సెప్టెంబరు రాగానే చీపురూ, పాత దువ్వెనా పట్టుకుని.
గుప్పెడు గింజలకింత హంగామానా అని నవ్వేవాణ్ణి."
అంతే అన్నాడు. నేనూ అడగలేదు.
ఎర్ర చీటీ మీద రాశాను: బతికినవి, ఒకటి.

రాత్రి అట్లకి నానబోద్దామని పెసల డబ్బా తీస్తే
గింజగింజకీ సూది గుచ్చినట్టు గుండ్రటి కన్నాలు.
మెల్బోర్న్ నుంచి తెచ్చి
అలమర వెనక్కి తోసి మరిచిపోయిన డబ్బా.
ఊరందరి లారీలూ తిప్పి పంపే చెయ్యి నాది!
కావలసిందల్లా కాస్త వెచ్చదనం,
ఎవరి చెయ్యీ తగలని ఒక మూల.
నీళ్లు పోశాను.
పుచ్చినవి తేలాయి, గట్టివి మునిగాయి,
ఎటూ తేల్చుకోలేక కొన్ని మధ్యలో ఆగాయి.
వాటిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను,
ఆకలి కూడా మరిచి.

ఎనిమిదో రోజు మళ్లీ క్లెమ్.
మోచేతుల దాకా గ్రీజు, గోళ్ల నిండా నల్లటి దుమ్ము.
నేను జల్లిస్తుంటే
కిటికీ అవతల అతని పెదాలూ లెక్కపెడుతున్నాయి:
ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.
పళ్లెంలో ఏదీ కదల్లేదు.
పొట్టులో మాత్రం సన్నగా, తేనెరంగులో
విరిగిన దువ్వెన పన్ను ఒకటి.

వేలి కొసతో అందించాను.
చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు.
చీటీలో 'ఇతర పదార్థాలు' అని ఒక గడి ఉంటుంది.
సున్నా చుట్టి
పచ్చ ముద్ర కొట్టాను.