సున్నాకు దిగువన

అతిథి రాకముందు ఇల్లు లేదు.
చిప్పల్లా వంగిన రెండు అణువులు
ద్రావణంలో తిరుగుతుంటాయి
ఒకదానికొకటి ఏమీ కానట్టు.

చిటికెడు కర్పూరం వేశాను. అంతే.
ఎవరూ కుట్టలేదు, ఎవరూ అతకలేదు,
అంచుకు అంచు అందింది.
విడిగా ఏ బంధమూ నిలవదు,
అన్నీ కలిస్తే తలుపు.

గిన్నెలో పెడితే నాలుగు రోజుల్లో మాయమయ్యే కర్పూరం
లోపల నింపాదిగా దొర్లుతోంది.
గదిలో సగంకన్నా కాస్త ఎక్కువ తను,
మిగతాది ఖాళీ.
ఆ ఖాళీ లేకపోతే ఏ అతిథీ నిలవదని
ఐదుగురం పడుకునే మా హాస్టల్ గదికి
ఎవరైనా చెబితే బాగుండు.

హైదరాబాద్ బస్సులో పంపిన గాజుగొట్టం
గీతల కాగితమై తిరిగొచ్చింది.
సున్నాకు దిగువన, మామూలుగా ఎవరూ ఉండని చోట,
చిన్న శిఖరం.
"ఈడేంది మేడం, దోమ కుట్టినట్లుండాది?"
అన్నాడు మద్దిలేటి.
లోపలున్నది అదే, అన్నాను.

మద్దిలేటి మా ల్యాబ్ అటెండరు.
బుక్కరాయసముద్రం అవతల మూడెకరాల సెనక్కాయ.
ఊడలు దిగే వేళ
ఇరవై ఆరు రోజులుగా చినుకు లేదు.
నా సీసాలు కడుగుతూ, కడిగిన నీళ్ళ వైపే
కాసేపు చూస్తూ నిలబడతాడు.

నాకేమో చుక్క పడకూడదు.
నీటిది అందరితో చేతులు కలిపే గుణం.
చిప్పల మధ్య దూరి
మాటా మాటా కలిపి ఇద్దర్నీ విడదీస్తుంది.
అందుకే మూతల కింద నీలం గుళికలు,
ఆగస్టు ఉక్కలో కిటికీలన్నీ బిగించి
అనంతపురంలో
కరువుకు కాపలా కాస్తూ నేను.

నిన్న సాయంత్రం టీకి కిందికి దిగాను.
సైకిల్ షెడ్డు రేకుల మీద ముందు గులకరాళ్ళు,
తర్వాత ఒకటే మోత.
పరుగున పైకొస్తే
కిటికీ బార్లా తెరిచి ఉంది.
గట్టు మీద తడి అరచేతి గుర్తు.
మద్దిలేటి లేడు, అతని టిఫిను డబ్బా ఉంది.
గుళికలు అప్పటికే గులాబీ.
సీసా మూత తీశాను,
క్లోరోఫాం వెనకాల సన్నగా కర్పూరం.

కిటికీ ఎవరు తీశారని అడగలేదు.

పదో రోజు ఒక మొక్క పీకి తెచ్చాడు
గోళ్ళలో ఎర్రమట్టితో సహా.
ఊడ కొసన ఉబ్బిన తెల్లటి బుడ్డను
నా బల్ల మీద గోటితో చీల్చాడు.
లోపల ఏమీ లేదు, తడి తప్ప.
"ముందు ఇల్లే మేడం. గింజ ఎనక వస్తాది."

గులాబీ గుళికల్ని ట్రేలో పరిచి ఓవెన్‌లో పెట్టాను.
నూట ఇరవై డిగ్రీలు.
నీలం రావడానికి మూడు గంటలు.