ఉల్టా వాల్వు

టెండరు కాగితంలో పోచమల్లు లేడు.
"మనుషుల సరఫరా: పద్నాలుగు" అని ఉంది,
ఇసుక, కంకర వరసలోనే.
కింద నా సంతకం.
తక్కువకు పాడినవాడికే పని. అది రూలు.
రూలు నేను రాయలేదు,
చదివి వినిపించాను, అంతే.

పదకొండేళ్లలో మూడు ఏజెన్సీలు.
మెడలో తాడు నీలం, తర్వాత పచ్చ, తర్వాత నారింజ.
పీఎఫ్ నంబర్లు మూడు. మనిషి ఒక్కడే.
తెల్లారగట్ల నాలుగింటికి భుజాన ఇనుప చావితో
వారాసిగూడ సందుల్లో తిరిగేవాడు.
మూత ఎత్తకముందే మడమతో తట్టి చూసి
"పాత పానం సార్ ఇది, నిమ్మళంగ తిప్పాలె" అనేవాడు.

నాలుగో ఏజెన్సీ వచ్చి
వయసు దాటిందని అతన్ని తీసేసింది.
బదులు ఇద్దరు పిల్లలు, చేతిలో యాప్.
యాప్‌కు వాళ్ల ముఖం దొరికితే హాజరు.
వాల్వు దొరకాలన్న షరతు ఎక్కడా లేదు.

బోనాలకు ముందు రాత్రి
నామాలగుండు దగ్గర పైపు పగిలింది.
కడిగి ముగ్గేసిన గడపలు దాటి
బియ్యం డబ్బాల్లోకి నీళ్లు.
ఏజెన్సీకి ఫోన్ చేస్తే
తెలుగు కోసం ఒకటి నొక్కమంది ఎవరిదో గొంతు.
నొక్కాను. మళ్లీ నొక్కాను.
ఆఫీసులో మ్యాపు విప్పితే
ఆ సందు ఉండాల్సిన చోట చెదలు తిన్న బొక్క.
ఇన్నేళ్లూ మా మ్యాపు
రోజుకూలికి నడిచి వచ్చేదన్నమాట.

సిగ్గు చంపుకుని అతనికే చేశాను.
ఇప్పుడు ఉప్పల్‌లో ఏదో అపార్టుమెంటు గేటు కాపలా.
"మసీదు గోడ మూలకెంచి ఏడడుగులు సార్,
పంచరు దుకాణం మెట్టు కింద.
సిమెంటు పోసిండ్రు, పలగ్గొట్టుండ్రి.
ఉల్టా వాల్వది, కుడికి తిప్పితే ఇరుగుతది."
పిల్లలు కుడికే తిప్పబోతున్నారని చెబితే
ఫోన్ పెట్టేసి ఆటోలో తనే వచ్చాడు,
కాపలా యూనిఫాంతోనే దిగాడు మోకాటి లోతు బురదలోకి.
పన్నెండు చుట్లు, పైకి లెక్కపెడుతూ.

ఆటోకని రెండొందలిస్తే
"నూటెనభయ్యే అయింది" అని ఇరవై చేతిలో పెట్టి
"గేటు కాడ ఎవ్వల్లేరు సార్" అంటూ పరుగెత్తాడు.

నెలాఖరుకు ఏజెన్సీ బిల్లు:
అర్ధరాత్రి అత్యవసర మరమ్మతు,
పద్దెనిమిది వేలు, జీఎస్టీ అదనం.
నిపుణుడు అన్న గడి ఖాళీగా ఉంది.
అందులో పోచమల్లు అని కొట్టాను.
తెర మీద ఎర్రగా వచ్చింది:
ఈ గడిలో అంకెలు మాత్రమే.

ఒకటి అని కొట్టి
సంతకం పెట్టాను.